నంబర్ల సాలెహా

సాలెహా మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. కారణం సున్నుండలు. బహ్రెయిన్‌లో, తుబ్లీలో మా ఎదురు ఫ్లాటులోకి వాళ్ళు దిగిన ఏడాది, దీపావళికి నేతితో చుట్టిన సున్నుండలు పళ్ళెం నిండా పట్టుకెళ్ళి ఇచ్చాను. "పంటినొప్పి అక్కా" అని ఆమె ఒక్కటి కూడా ముట్టుకోలేదు. సరే, పంటినొప్పి ఎవరికి రాదు? కానీ మరుసటి ఏడాదీ అదే పన్ను, ఆ పై ఏడాదీ అదే పన్ను. చివరికి రంజానుకి తన చేత్తో కాచిన షీర్ ఖుర్మా కూడా ఆమె తాగకపోవడం చూసి, ఇది పొగరు కాదులే, ఏదో పిచ్చి అయుంటుందని సరిపెట్టుకున్నాను. నా సున్నుండలు వద్దన్నవాళ్ళ గురించి అంతకన్నా మంచిగా ఆలోచించడం నా వల్ల కాదు.

మాది తూర్పుగోదావరి, వాళ్ళది జగిత్యాల. ఆమె భర్త గులాం మొహియుద్దీన్ దుకాణాలకు రొట్టెలూ కేకులూ వేసే బేకరీ వ్యాను నడుపుతాడు. కూతురు నాదియా బళ్ళో చదువుతోంది. సాలెహా ఉద్యోగం అద్లియాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. నర్సు కాదు, మెడికల్ కోడింగ్. అంటే ఏమిటని మొదటిసారి అడిగినప్పుడు ఓపిగ్గా చెప్పింది. లోకంలో ఉన్న ప్రతి రోగానికీ ఒక నంబరు ఉంటుందట. డాక్టరు రాసింది చదివి ఈమె ఆ నంబరు వేస్తుంది. ఇన్సూరెన్సు వాళ్ళకైనా, రేపు ఆ ఫైలు తెరిచే ఇంకో డాక్టరుకైనా ముందుగా కనబడేది అదే. ఆ రోజు నుంచి మా బిల్డింగులో ఆమె పేరు నంబర్ల సాలెహా అయిపోయింది.

"మా ఆయన గురకకి నంబరుందా?" అని ఆటపట్టించాను.

"ఉన్నదక్కా."

"అత్తగారి సాధింపుకి?"

"దానికి గూడ ఉన్నది" అని నవ్వింది. నిజంగానే ఉందట. రోగాల పుస్తకం రాసినవాళ్ళు కూడా ఎవరో ఒకరి కోడళ్ళే అయుంటారనుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆమె రాయి. మన తెలుగువాళ్ళు ఎవరెవరు ఆస్పత్రికి వచ్చారో, ఎందుకు వచ్చారో ఎన్ని వంకరలు తిప్పి అడిగినా చెప్పేది కాదు. "చాయ్ తాగుతవా అక్కా?" అనేది. నా నోట్లో నువ్వుగింజ నానదు, ఆమె నోట్లో బండరాయి వేసినా బయటికి రాదు. అందుకే ముందే చెబుతున్నాను, నేనిప్పుడు చెప్పబోయే సంగతిలో ఒక్క ముక్క కూడా సాలెహా నాకు చెప్పింది కాదు. కళ చెప్పింది, ఆమె ఫైలు సంగతి సాలెహా ఆమెతోనే చెప్పుకుందట. చెప్పుకోనా అని అడిగితే, "మంచిగ చెప్పక్కా, ఎవ్వలకన్న పనికొస్తది" అంది.

కళా, ఆమె భర్త భూమేషూ సాలెహా ఫ్లాటులోనే రెండో గదిలో ఉంటారు. వంటిల్లు రెండు కుటుంబాలకూ ఒకటే. వాళ్ళది ఆర్మూరు వైపు. భూమేష్ పైపుల పనిలో ఫోర్‌మన్. కళ అద్లియాలో, ఇక్కడి ఆడవాళ్ళు వేసుకునే నల్ల అబాయాలు కుట్టే షాపులో అంచులు కుడుతుంది. పొద్దున్నే ఆడవాళ్ళిద్దరూ మొహియుద్దీన్ వ్యాను ముందు సీటులో ఇరుక్కుని కూర్చుని, వేడి రొట్టెల వాసన మధ్య డ్యూటీకి వెళ్ళేవారు.

భూమేష్ మంచివాడు. అతనికి ఉన్నది ఒక్కటే జబ్బు, దానికి నంబరుందో లేదో తెలీదు. ఎవరిని ఏమడిగినా జవాబు తనే చెబుతాడు. కూరగాయల షాపువాడు కళని ఏం కావాలమ్మా అంటే, ఇతను గుమ్మం దగ్గర్నుంచే "టమాట, ప్యాజ్, ఖలాస్" అంటాడు. హిందీ, అరబ్బీ కలిపి కొట్టే ఆ భాషకు అతనే గురువు, అతనే శిష్యుడు. అదంతా ప్రేమే, కాదనను. ఆమెకు భాష రాదని అతను మాట్లాడేవాడు, అతను మాట్లాడుతున్నాడని ఆమె నేర్చుకోలేదు. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మా బిల్డింగులో సగం మందికి తెలీదు.

ఒకరోజు వంటింట్లో కళ పసుపు డబ్బా అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ పొట్లం తీసి సాలెహాకు చూపించింది. ఆర్మూరు పసుపు అంటి పచ్చబడ్డ గోలీలు. "అక్కా, ఇసొంటియి ఈడ దొరుకుతయా? అమ్మ పంపినయి అయిపోవట్టినయ్" అంది. సాలెహా చూడగానే పోల్చుకుంది. అవి షుగరు గోలీలు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పెళ్ళికి ముందు, బీడీలు చుట్టేవాళ్ళకి ఊళ్ళో ఎవరో రక్తపరీక్షలు చేస్తే కళకి షుగరుందని తేలింది. వాళ్ళమ్మ ముత్తెమ్మ వెంటనే కూతురి నోరు మూసింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతది బిడ్డా. రోగం పిల్లను అంటగట్టిన్రని మీ అత్త నిన్ను ఇంట్ల నిలవనియ్యది" అంది. అప్పటి నుంచి ఊరి నుంచి ఎవరు వస్తున్నా పసుపు డబ్బా వచ్చేది, దాని అడుగున గోలీలు వచ్చేవి. భూమేష్‌కి తెలీదు. అత్త భీమవ్వకి అసలే తెలీదు.

"డాక్టర్‌కు చూపెట్టుకో కళా. చాటుకు మింగే మందు గాదు ఇది" అంది సాలెహా.

"చూపెట్టుకుంట. నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పొద్దు. నాదియా మీద ఒట్టెయ్యి."

ఆ పిల్ల కళ్ళలో భయం చూసి సాలెహా ఒట్టు వేసింది.

కొన్నాళ్ళకి కళ నెల తప్పింది. పెళ్ళయి చాలా ఏళ్ళకి కలిగిన కడుపు. భూమేష్ ఆనందం చూడాలి, కనబడ్డవాడికల్లా చాయ్ ఇప్పించాడు. కళని సాలెహా పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టర్ బతూల్ అని బహ్రెయినీ ఆవిడ, నెమ్మదస్తురాలు. పరీక్షల్లో చక్కెర ఎక్కువగా కనిపించి, ఇంతకుముందు షుగరుందా అని అడిగిందట. ప్రశ్న కళ దాకా వెళ్ళనేలేదు. "షుగర్ మాఫీ! బీపీ మాఫీ! కుల్లూ గుడ్!" అన్నాడు మనవాడు. మాఫీ అంటే ఇక్కడ లేదు అని, కుల్లూ అంటే అంతా అని. డాక్టరు అనుమానంగా మరోసారి అడిగితే, మరోసారి మాఫీ అన్నాడు.

ఆ సాయంత్రం మెట్ల మీద నాకు తనే చెప్పాడు. "కడుపుతోని వచ్చిన షుగరట సత్యక్కా. కాన్పు కాంగనే దానంతటదే పోతదట. మాఫీ ముష్కిల్!"

నేనూ హమ్మయ్య అనుకున్నాను. అతని వెనక నిలబడ్డ కళ నన్ను దాటుకుని పైకి వెళ్ళిపోయింది.

నాకు తెలియనిది ఏమిటంటే, కడుపులో బిడ్డకి తగులుతుందేమోనని కళ ఉన్న గోలీలు కూడా మానేసింది. అన్నం తగ్గించుకోమని డాక్టరు చెప్పింది, ఆమె తగ్గించింది. కానీ ఏళ్ళ తరబడి ఒంట్లో ఉన్న షుగరు అన్నం తగ్గిస్తే ఊరుకుంటుందా? ఒక ఆదివారం సూదీ దారం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "జర ఈ దారం ఎక్కించియ్యవా అక్కా? కండ్ల ముంగట నల్లటి పోగులు తేలుతున్నయి." రోజంతా సూదితో బతికే పిల్ల, దారం ఎక్కించలేకపోతోంది. కడుపుతో ఉన్నప్పుడు నీరసం మామూలేనని నేను సర్దిచెప్పాను. అదే సమయానికి సాలెహా చెత్త బయటపెట్టడానికి తలుపు తీసింది. ఆ మాట విని, చేతిలో సంచీతో అలాగే నిలబడిపోయింది.

ఆ వారమే కళ ఫైలు సాలెహా బల్ల మీదికి వచ్చింది.

ఇక్కడ కొంచెం వాళ్ళ పని సంగతి చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్ళ షుగరుకి నంబర్లు వేరువేరుగా ఉంటాయట. ముందు నుంచీ ఉన్న షుగరుకి ఒకటి, కడుపుతో వచ్చిన దానికి ఇంకొకటి. చివర ఒక్క అంకె తేడా. కానీ ఆ అంకె వెనకాల దారులే వేరు. ముందు నుంచీ ఉంటే కళ్ళు చూస్తారు, కిడ్నీలు చూస్తారు, లోపల బిడ్డ గుండెకు ప్రత్యేకంగా స్కాను తీస్తారు. కడుపుతో వచ్చిందే అయితే మామూలుగా అంత దూరం వెళ్ళరు. కళ ఫైలులో రాసి ఉన్నది కడుపుతో వచ్చిందని. డాక్టరు రాయనిది తను వేయకూడదు. "నా కండ్లతోని చూసినా సరే, రాయకుంటే లేనట్టే అక్కా" అని నాకెన్నిసార్లు చెప్పిందో. ఆస్పత్రిలో చూసింది ఇంట్లో మాట్లాడకూడదు. ఇంట్లో విన్నదానికి కూతురి మీద ఒట్టు ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఆ పిల్ల కళ్ళూ, కడుపులో బిడ్డా.

ఆ రోజుల్లో సాలెహా రొట్టెలు మాడ్చేది. వంటింట్లో కళ ఒంటరిగా దొరికితే, "చెప్పుకోవే, నీ కాళ్ళు మొక్కుత" అని బతిమాలేది. ఆ తర్వాత కళ ఆమె ఉన్నప్పుడు వంటింట్లోకి రావడమే మానేసింది. పొద్దున వ్యానులో కాకుండా బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఏం చెడిందని మొహియుద్దీన్ నన్నడిగాడు, నేను అతన్నడిగాను.

కోడింగ్ వాళ్ళకి ఒక దారి ఉందట. ఫైలులో ఒకదానికొకటి పొసగనివి కనిపిస్తే డాక్టరుకి ప్రశ్న పంపొచ్చు. కానీ ఆ ప్రశ్నలోనే జవాబు ఉండకూడదు. సాలెహా అలాగే పంపింది. తొలి నెలల్లో చేసిన రక్తపరీక్షలో షుగరు అంత ఎక్కువగా ఉంది కదా, ఇది ఎప్పటిదో దయచేసి స్పష్టంగా రాయగలరా అని. కడుపుతో వచ్చేది మామూలుగా ఆ నెలల్లో కనబడదట. డాక్టర్ బతూల్ ఆమెకే ఫోను చేసింది. "నాకూ అదే అనుమానం. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ భర్తే చెప్పాడు. ఆ అమ్మాయి భాష వచ్చిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా మన దగ్గర?"

కోడింగ్ గదిలో కూర్చునేవాళ్ళు రోగుల ముఖం చూడరు. కింది అంతస్తుకి డాక్టరు గదిలోకి సాలెహా వెళ్ళడం అదే మొదటిసారి. లోపల ఆమెను చూడగానే భూమేష్ ముఖం వెలిగిపోయింది. "అరె, సాలెహక్కా!" కళ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్తా. నడుమ నా మాట ఉండది" అని సాలెహా ముందే చెప్పింది. ఆ మాట కళ కోసమేనని కళకి తెలుసు.

డాక్టరు అడిగింది. సాలెహా తెలుగులో చెప్పింది. "ఈ కడుపు రాకముందు నీకు షుగర్ ఉండెనా? ఏమన్న గోలీలు వాడినవా?"

"మాఫీ డాక్టర్, మాఫీ!" అన్నాడు భూమేష్.

సాలెహా అతని వైపు తిరిగింది. "భూమేష్, అడిగింది కళను."

"ఆమె తరఫున నేను చెప్తున్న గదక్కా."

"కడుపు గూడ ఆమె తరఫున నువ్వే మోస్తున్నవా?"

తెలుగు రాకపోయినా అతని ముఖం చూసి డాక్టరుకి నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భూమేష్ నోరు మూశాడు. కళ నేల చూస్తూ, "లేదు" అంది.

సాలెహా పని సాలెహాది. "లేదంటోంది" అని ఇంగ్లీషులో డాక్టరుకి చెప్పింది. అబద్ధమని తెలిసిన మాటను అక్షరం మార్చకుండా అప్పగించింది. ఇది తలుచుకున్నప్పుడల్లా కళ ఇప్పటికీ ఏడుస్తుంది.

అప్పుడు సాలెహా డాక్టరుని ఒక మాట అడిగింది. "నా సొంత సంగతి ఒకటి ఈ అమ్మాయితో చెప్పుకోవచ్చా?" డాక్టరు తలూపింది. సాలెహా హ్యాండ్‌బ్యాగు తెరిచి, పెన్నులా ఉన్న ఇన్సులిన్ సూది తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నాది కళా. ఎవ్వలదో సంగతి కాదు, నా సంగతి. నాకు నిఖా కాకముందు నుంచే షుగర్ ఉన్నది. నాదియా కడుపుల ఉన్నన్ని దినాలు సూదులు పొడుచుకున్న. కండ్లు చూపెట్టుకున్న, పిల్ల గుండెకు స్కాన్ తీయించుకున్న. నాదియా ఎట్లుందో రోజు చూస్తనే ఉన్నవు గద. నీ జడ గుంజి ఉరుకుతది. మన బిల్డింగుల ఒక్కలకు గూడ తెల్వది ఇది. పంటినొప్పి అని అబద్ధం చెప్పుకుంట తిరిగిన. రోగిష్టిదంటరని సిగ్గు. ఇయ్యాల నుంచి తెలిస్తే తెల్వనీ."

పక్కన ఉన్నది భూమేష్. అతని చెవిన పడిన మాట సాయంత్రానికల్లా తుబ్లీ అంతా తిరుగుతుందని ఆమెకు తెలీదా? తెలిసే చెప్పింది. ఫైలులోది చెప్పలేదు, ఒట్టు తప్పలేదు. తనదంటూ ఉన్నది మాత్రం తీసి ఆ బల్ల మీద పెట్టేసింది.

కళ లేచి వచ్చి ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నాకు గూడ ఉన్నదక్కా. పెండ్లికి ముందు నుంచే ఉన్నది. డాక్టర్‌కు చెప్పు. పసుపు డబ్బల గోలీలు వస్తుండె, కడుపైనంక బంద్ చేసిన. కండ్ల ముంగట పోగులు తేలుతున్నయి. నా బిడ్డకు ఏమన్న అయితదా అడుగు." సాలెహా ఒక్కో మాటా ఏడుస్తూనే ఇంగ్లీషులోకి మార్చింది. డాక్టరు అంతా రాసుకుంది.

"ఏ పసుపు డబ్బ?" అన్నాడు భూమేష్.

"అమ్మ పంపేది."

"అవన్ని నేనే తెచ్చిన గద! ఊరోళ్ళు దిగిన్రంటే వాళ్ళ రూముల కాడికి అరాద్ దాంక వొయ్యి, కింద వడకుంట బస్సుల ఒళ్ళె వెట్టుకొని తెచ్చిన గద!" అతని కళ్ళల్లో నీళ్ళు. "నాకెందుకు చెప్పలే కళా?"

"నువ్వు నన్నెప్పుడడిగినవ్? అడిగినోళ్ళకు గూడ నువ్వే చెప్తివి" అంది కళ.

ఆ మాటకి అతని దగ్గర మాఫీ కూడా లేదు.

తర్వాతంతా గబగబా జరిగింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. కంటి డాక్టరు చూసి, లోపల సన్నటి నరాలు చిట్లడం మొదలైందనీ, సమయానికి వచ్చారనీ చెప్పి లేజరు చేశాడు. బిడ్డ గుండె స్కానులో బాగానే ఉందన్నారు. ఆ గది బయట భూమేష్ చెప్పులు విప్పి, ఎవరికి మొక్కుతున్నాడో తెలీకుండా చేతులు జోడించి నిలబడ్డాడట. కళకి వేళకి సూది గుర్తుచేసేది సాలెహా. "మాది సూదుల కంపెనీ సత్యక్కా" అని కళ నవ్వేది. పొద్దున మళ్ళీ వ్యానులోనే వెళ్ళేవారు.

ఆ ఫైలుకి సరైన నంబరు పడింది గానీ, అది సాలెహా వేయలేదు. తను ఆ గదిలో కూర్చుంది కాబట్టి, కళ తన ఇంటి మనిషి కాబట్టి, ఫైలు పక్క సీటు అమ్మాయికి ఇచ్చేసింది. ఇక సాలెహా షుగరు సంగతి ఆమె అనుకున్నట్టే ఆ సాయంత్రానికే నా దాకా వచ్చింది. సున్నుండల గురించి ఇన్నేళ్ళుగా నేను రుసరుసలాడిందంతా గుర్తొచ్చి, లోపలికెళ్ళి ఓ పళ్ళెం జంతికలు వేయించి తీసుకెళ్ళాను. "పన్ను ఎలా ఉంది?" అన్నాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. రెండు తిని చాలంది.

కళకి ఆడపిల్ల పుట్టింది. తల్లికి షుగరుంటే పుట్టగానే బిడ్డకి చక్కెర పడిపోవచ్చట. అందుకని ఒక రోజు అద్దాల గదిలో పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. మర్నాడు తెచ్చి కళ పక్కలో పడుకోబెట్టారు. నేనూ సాలెహా చూడ్డానికి వెళ్ళాం. కళ చెయ్యి పిల్ల వీపు మీంచి తీయడం లేదు.

అప్పుడే ఊరి నుంచి భీమవ్వ ఫోను. భూమేష్ స్పీకరు నొక్కాడు.

"కొడుకా, ముత్తెమ్మ వచ్చి నా ముంగట ఏడ్చిపోయింది. కోడలికి షుగరట గదరా. ఎప్పటి సంది?"

ఇన్నేళ్ళు ముత్తెమ్మ భయపడ్డదీ, కళ పసుపు డబ్బా అడుగున దాచుకున్నదీ ఈ ప్రశ్న గురించే. సాలెహా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భూమేష్ నోరు తెరిచాడు. ఏదో ఒకటి చెప్పి భార్యని కాపాడుకోవాలని అతని ముఖమంతా కనబడుతోంది. కళ వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకుని ఫోను ఆమె చేతికిచ్చాడు.

"పెండ్లికి ముందు నుంచే ఉన్నదత్తా" అంది కళ. "మీకు చెప్పలే. భయమయ్యి చెప్పలే."

అటు దూరంగా ఎక్కడో కోడి అరిచింది. ఫోను కట్టయిందేమోనని భూమేష్ వంగి చూశాడు.

"పిల్ల పాలు తాగుతున్నదా?" అంది భీమవ్వ.

"తాగుతున్నదత్తా."

"నువ్వేమన్న తిన్నవా మరి? సూది ఏసుకున్నంక ఉత్త కడుపుతోని ఉండొద్దంటరు."

కళ ఫోను చెవికి ఆనించుకుని ఏడుస్తోంది. సాలెహా లేచి, తను ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె విప్పి కళ ముందు పెట్టింది.